ఫొటో వెనక రాత చదివేదెవరు?

బల్లార్‌పూర్, ఘుగ్గుస్, మాజ్రీ, సాస్తి... చంద్రపూర్ జిల్లాలో బొగ్గు గనులున్న ఏ ఊరికి పోయినా తెలుగు ఇల్లు తగులుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి గనిలో పనికనో, పేపర్ మిల్లులో పనికనో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలివి. ఆ ఇళ్లలో అటక మీది రేకు పెట్టె దించితే పాత ఫొటోలు బయటపడతాయి. స్టూడియోలో రంగుల తెర ముందు బిగుసుకుని నిలబడ్డవి కొన్ని, ఊరి నుంచి ఉత్తరంలో పెట్టి పంపినవి కొన్ని. ముందువైపు మనుషులు, వెనకవైపు తెలుగులో నాలుగు మాటలు. ‘పెద్ద బావ, చిన్నక్క, బుజ్జిగాడు, సంక్రాంతి పండుగ’ అని. సంవత్సరం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఇప్పుడా ఇళ్లలోని పిల్లలు చదివేది మరాఠీ మీడియమో, ఇంగ్లిష్ మీడియమో. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. ఫొటో చేతికొస్తే మొబైల్‌తో ముందువైపు ఓ ఫొటో కొట్టి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. అందరూ దండాలు, పూలబొమ్మలు పంపుతారు. వెనకవైపు తిప్పి చూసేవారు తక్కువ. తిప్పినా ఆ అక్షరాలు వారికి గీతలే. పోనీ ఎవరైనా చదివి చెప్పినా ‘పెద్ద బావ’ అంటే ఎవరికి బావ? రాసిన మనిషి పోయాడు. చెప్పగలిగిన అవ్వకు చూపు ఆనడం లేదు. పాత ఫొటోలను కాపాడాలంటే స్కానర్ ఉంటే చాలనుకునేవారు ఆలోచించాల్సిన సంగతి ఇదే. బొమ్మను కాపాడటం తేలిక, పేరును కాపాడటమే కష్టం.

రీలు ఖరీదుగా ఉన్న రోజుల్లో ఫొటో ఊరికే దిగేవారు కాదు. ఆగ్ఫా క్లిక్ కెమెరాలో రీలు వేస్తే వచ్చేవి 12 బొమ్మలే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. ప్రభుత్వ రంగంలోని ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కొడాక్ అంతటిది 2012లో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. స్టూడియోలు మూతబడ్డప్పుడో, జిరాక్స్, ఫ్లెక్సీ షాపులుగా మారినప్పుడో నెగటివ్‌ల డబ్బాలు అడ్డమయ్యాయి. నలుపు తెలుపు నెగటివ్‌లో వెండి ఉంటుంది కాబట్టి వాటిని తూకానికి కొనేవారూ ఉన్నారు. ఒక ఊరి మనుషుల ముఖాలు కిలోల లెక్కన పోవడమంటే ఇదే!

ఇంట్లో ఉన్నవి మాత్రం భద్రమా అంటే అదీ కాదు. చంద్రపూర్ ఎండ సంగతి వేరే చెప్పాలా? మే నెలలో 46, 47 డిగ్రీలు మామూలు. రేకుల కప్పు కింద అటక, అటక మీద ఇనప పెట్టె, ఆ పెట్టెలో నెగటివ్‌లు. అది బట్టీలో పెట్టడంతో సమానం. జూన్ దాటితే చెమ్మ. ఈ రెండింటి మధ్య ఫిల్మ్ లోపలే కుళ్లుతుంది. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన పుల్లగా కొడితే జబ్బు మొదలైనట్టే. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. వాసన వచ్చే వాటిని మిగతా వాటికి దూరంగా పెట్టి వెంటనే స్కాన్ చేయించడమొక్కటే మార్గం. 2022 జూలైలో వరదలొచ్చినప్పుడు జనం ముందుగా పట్టుకుని పరుగెత్తింది ఆధార్ కార్డులు, పట్టా కాగితాలే. ఎవరినీ తప్పుపట్టలేం.

మరో విచిత్రం ఉంది. తాత నలుపు తెలుపు ఫొటో 60 ఏళ్లయినా గట్టిగానే ఉంటుంది. కొడుకు పెళ్లిలో ఎక్కువ పైసలు పెట్టి తీయించిన రంగు ఫొటో మాత్రం ఎర్రబారిపోయింది. మొదటిది వెండి రేణువులతో ఏర్పడిన బొమ్మ, రెండోది రంగు ద్రవ్యాలతో. ఆ రంగులు వేడికి, వెలుతురుకు ఒకటొకటిగా ఎగిరిపోతాయి. కాబట్టి వరుసలో ముందు స్కాన్ చేయాల్సింది తాతను కాదు, 1970లు, 80ల నాటి పెళ్లి ఆల్బమ్‌ను. జిగురు పేజీల ఆల్బమ్ అయితే మరీ తొందరపడాలి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని గోటితో లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించాలి.

కొత్తగా వచ్చిన యాప్‌లు పాత ఫొటోకు రంగులద్దుతున్నాయి, మసకబారిన ముఖాన్ని నున్నగా దిద్దుతున్నాయి. చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం. కానీ నాయనమ్మ ఆ రోజు కట్టుకున్న చీర ఏ రంగో యాప్‌కేం తెలుసు? కన్ను, ముక్కు కనపడని చోట అది కల్పించి పెడుతుంది. దండ వేసి గోడకు తగిలించిన ముఖం సగం ఆమెది, సగం యంత్రానిది. సరదాకు చేసుకుంటే చేసుకోండి గానీ అసలు స్కాన్‌ను దిద్దకుండా విడిగా దాచాలి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ దాచుకోవడానికి పనికిరాదు, పంపేటప్పుడే అది చిక్కిపోతుంది.

ఇదంతా ఇంటి ముచ్చటే కదా అనుకోవద్దు. రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి, ముందు నాందేడ్ జిల్లాకు, 1959లో అప్పటి చాందా జిల్లాకు మారింది. జివతి పక్కన ఇప్పటికీ మాదంటే మాదని రెండు రాష్ట్రాలు అంటున్న ఊళ్లున్నాయి. అక్కడ ఒకే మనిషి ఫొటో రెండు రాష్ట్రాల కార్డుల మీద కనిపిస్తుంది! ఇలాంటి చోట ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ బాస మాట్లాడారు, ఏ దేవుణ్ని కొలిచారు అన్నది సర్కారు గెజిట్ కన్నా పెళ్లి ఫొటో బాగా చెబుతుంది. 1956 అక్టోబర్ 16న అంబేద్కర్ చంద్రపూర్‌లో దీక్ష ఇచ్చినప్పుడు అక్కడున్నవారి కుటుంబాల్లో ఆనాటి ఫొటో ఒక్కటి దొరికినా అది జిల్లా చరిత్ర.

తమిళనాడులో పాత స్టూడియోల ఫొటోలను ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరి పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో డిజిటైజ్ చేశారు. ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు. 2011లో ఏర్పడిన గోండ్వానా యూనివర్సిటీ గడ్చిరోలిలో ఉంది. చరిత్ర చదివే విద్యార్థులకు ఒక్కో బస్తీ అప్పగిస్తే, తెలుగు సంఘాలు వినాయక చవితి మండపం ఖర్చులో కాస్త పక్కన పెట్టి ఓ మంచి స్కానర్ కొంటే పని మొదలవుతుంది. వెనకవైపును కూడా స్కాన్ చేయాలి. తెలుగు రాతను మరాఠీలోనూ రాయించాలి. ‘పెద్ద బావ’ అని కాదు, ఇంటిపేరుతో, ఊరుతో. ఫొటో మీద కొత్తగా రాయాల్సి వస్తే వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తోనే, బాల్ పెన్ వద్దు.

అడిగే ఓపిక ఉంటే చెప్పేవారు ఇంకా ఉన్నారు. ‘ఆజీ, ఈయనెవరు?’ అని మనవడు అడిగితే, ‘గీయన మా మేనబావ బిడ్డా, మంచిర్యాల నుంచి అచ్చిండు, గనిలనే పోయిండు’ అని అవ్వ చెబుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పెడితే ఆ గొంతు కూడా మిగులుతుంది. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి చుట్టాలు దిగుతారు. ఒకరికి గుర్తురాని పేరు ఇంకొకరికి గుర్తుంటుంది. పెట్టె దించాల్సింది ఆ నాలుగు రోజుల్లోనే, వాళ్లు మళ్లీ బండెక్కక ముందే.