యూపీఎస్ పెట్టె మీద ఉండని అంకె

ఇంట్లో కంప్యూటరుకు యూపీఎస్ కొందామని ఏ ఊళ్లో ఏ దుకాణానికి వెళ్లినా మాట ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: "600 వీఏ ఇవ్వమంటారా, 1000 వీఏ ఇవ్వమంటారా?" పెద్ద అంకె అంటే ఎక్కువసేపు వస్తుందని కొనేవారు అనుకుంటారు. అమ్మేవారు కాదనరు. కరెంటు పోయాక కంప్యూటరు ఎంతసేపు నడుస్తుందన్న సంగతి ఆ అంకెలో లేదు. అది చెప్పగలిగిన అంకె చాలా పెట్టెల మీద కంటికి కనిపించే చోట ఉండదు. దాన్ని ముద్రించడం తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. అప్పటివరకు ఆ లెక్క మనమే వేసుకోవాలి. హైస్కూలు భౌతికశాస్త్రం అందుకు సరిపోతుంది.

ముందు ఈ వీఏ సంగతి చూద్దాం. వీఏ అంటే వోల్ట్-ఆంపియర్. ఏసీ సరఫరాలో వోల్టేజీ, కరెంటు రెండూ అలల్లా ఊగుతుంటాయి. రెండు అలలూ ఒకే ఆకారంలో, అడుగులో అడుగు వేస్తూ కదిలితే వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేయగా వచ్చేదే వాట్లు. పాత కంప్యూటర్లలోని ఎస్ఎంపీఎస్ అంత మర్యాదగా కరెంటు తీసుకునేది కాదు. వోల్టేజీ అల శిఖరానికి చేరే కాసేపట్లోనే గబుక్కున లాక్కుని, మిగతా సమయం ఊరుకునేది. దానివల్ల తీగలో పారే ఆంపియర్లు ఎక్కువ, నిజంగా పనికొచ్చే వాట్లు తక్కువ. వాట్లను వీఏతో భాగిస్తే వచ్చే విలువే పవర్ ఫ్యాక్టర్. మార్కెట్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌ను తిప్పి చూస్తే చాలావాటి వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. అంటే పవర్ ఫ్యాక్టర్ 0.6. పాతరకం ఎస్ఎంపీఎస్‌లకు ఈ లెక్క దాదాపుగా సరిపోయేది.

ఇప్పుడు కాస్త మంచి ఎస్ఎంపీఎస్‌లలో పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూట్ ఉంటోంది. వాటి విలువ 0.95కు అటూ ఇటూ. పిల్లవాడి గేముల కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టించిన కంప్యూటరు 400 వాట్లు తీసుకుంటుందనుకోండి. అది అడిగేది సుమారు 420 వీఏ. 600 కన్నా తక్కువే కదా అని ధీమాగా కొంటే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కుయ్యోమని అరిచి ఆగిపోతుంది. దాటింది 360 వాట్ల హద్దు మరి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె పాత యంత్రాల కాలం నాటి కొలత. నేటి యంత్రం ముందుగా తగిలేది చిన్న అక్షరాల అంకెకే.

పోనీ, వాట్లు చూసి కొన్నాం. అయినా ఎంతసేపు వస్తుందో తెలియదు. మేడ మీది నీళ్ల ట్యాంకుతో పోల్చుకుంటే విషయం తేలిక. వాట్లు గొట్టం ఎంత లావో చెబుతాయి. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేవి వాట్-అవర్లు. చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ ఒక్కటి. రెండూ హెచ్చవేస్తే 84 వాట్-అవర్లు. ఇక్కడే మరో చిక్కుంది. ఎక్కువ వీఏ ఉన్న మోడల్ అంటే పెద్ద ట్యాంకు అనుకోవడానికి లేదు. గొట్టం మాత్రమే లావు చేసి, లోపల దాదాపు అదే ట్యాంకు ఉంచినా వీఏ అంకె చూసి మనకు ఆ తేడా తెలియదు.

84 వాట్-అవర్లు కదా, 100 వాట్ల కంప్యూటరు 50 నిమిషాలు నడవాలి అనిపిస్తుంది. నడవదు. బ్యాటరీ మీద రాసిన 7 ఆంపియర్-అవర్లు 20 గంటల పాటు నెమ్మదిగా, అంటే గంటకు 0.35 ఆంపియర్ల చొప్పున కాదు, ఎప్పుడు కొలిచినా 0.35 ఆంపియర్లే పారేంత నిదానంగా వాడితే వచ్చే లెక్క. యూపీఎస్‌లో మన వాడకం అలా ఉండదు. 100 వాట్లు బయటికి రావాలంటే, లోపలి ఇన్వర్టర్ సర్క్యూట్ వేడి రూపంలో పోగొట్టేది కూడా కలుపుకుని బ్యాటరీ సుమారు 125 వాట్లు ఇవ్వాలి. అంటే పది ఆంపియర్లకు పైగా. లెడ్-యాసిడ్ బ్యాటరీని ఇంత తొందరపెడితే పలకల లోపలికి ఆమ్లం చొరబడే లోపే పైపొర పని అయిపోతుంది, వోల్టేజీ పడిపోతుంది. ఎంత వేగంగా తోడితే అంత తక్కువ దక్కుతుందన్న ఈ సంబంధాన్ని విల్హెల్మ్ ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1897లోనే సూత్రీకరించాడు. ఫలితంగా కాగితం మీది 50 నిమిషాలు కొత్త బ్యాటరీతోనే 20 నిమిషాల చుట్టుపక్కలకు వస్తాయి. అదే బ్యాటరీ మీద 300 వాట్ల యంత్రం పెడితే మూడు నాలుగు నిమిషాలు. లోడు మూడు రెట్లయితే సమయం మూడో వంతు కాదు, ఇంకా తక్కువ.

మన కంప్యూటరు ఎన్ని వాట్లు తీసుకుంటుందో తెలియడం ఎలా? ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ వాడదు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఉత్తరాలు, లెక్కలు, వీడియోలు చూసుకునే సాధారణ డెస్క్‌టాప్ మానిటరుతో కలిపి వంద వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కచ్చితంగా తెలుసుకోవాలంటే ప్రత్యేక పరికరం కూడా అక్కర్లేదు. ఇంటి కరెంటు మీటరు ముఖం మీద యూనిట్‌కు ఇన్ని పల్సులు అని రాసి ఉంటుంది, ఉదాహరణకు 3200. ఒక ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే ఒక్కో మినుకుకు 1125 జౌళ్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, దీపాలు అన్నీ కాసేపు ఆపి, కంప్యూటరు ఒక్కటే నడిపి, రెండు మినుకుల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. 11 సెకన్లకోసారి మినుకుమంటే వంద వాట్లు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే ఆ అంకెతో చేయాలి. పిల్లలతో చేయించాల్సిన ప్రయోగం ఇది.

ఇక ఎండలు. సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును తయారీదారులు 20 లేదా 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. లోపలి రసాయన చర్యలు, వాటితోపాటు పలకల తుప్పు, వేడితో వేగం పుంజుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఏసీ లేని గది సంగతి చెప్పక్కర్లేదు. దానికి తోడు యూపీఎస్‌ను బల్ల కింద, గోడ మూలకు, దుమ్ములోకి నెట్టేస్తాం. చల్లని దేశపు కరపత్రంలో నాలుగైదేళ్లు రావలసిన బ్యాటరీ ఇక్కడ రెండేళ్లకే నీరసించడంలో వింతేమీ లేదు. పైకి పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు పోయినప్పుడే అసలు బండారం బయటపడుతుంది. అందుకని నెలకోసారి పని అంతా సేవ్ చేసుకుని గోడ స్విచ్ ఆపి, ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడటం మంచిది. ప్లగ్గు మాత్రం పీకొద్దు, పీకితే ఎర్తింగ్ కూడా తెగిపోతుంది.

కరెంటు పోయాక యూపీఎస్ బ్యాటరీకి మారడానికి పట్టే సమయం గురించి అమ్మేవాళ్లు చాలా భయపెడతారు. మామూలు యూపీఎస్‌లలో అది పది మిల్లీసెకన్ల లోపే. మన సరఫరా 50 హెర్ట్జ్, ఒక పూర్తి అలకు 20 మిల్లీసెకన్లు. కంప్యూటరు ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్ ఆ అల దాదాపు మొత్తం లేకపోయినా తట్టుకునేలా తయారవుతుంది. కాబట్టి ఎప్పుడూ బ్యాటరీ మీదుగానే కరెంటు ఇచ్చే 'ఆన్‌లైన్' యూపీఎస్ ఇంటికి అనవసరమని నేననుకుంటాను. ఖరీదుకు ఖరీదు, రోజంతా వేడి, ఫ్యాను మోత. వోల్టేజీ తరచూ పడిపోయే ఊళ్లలో మాత్రం బ్యాటరీని కదిలించకుండానే వోల్టేజీని సర్దే 'లైన్ ఇంటరాక్టివ్' రకం అక్కరకొస్తుంది. చవక యూపీఎస్‌లు ఇచ్చే అల మెట్లు మెట్లుగా ఉంటుంది. పాత ఇన్వర్టర్ మీద ఫ్యాను గుర్రుమనడానికి కారణం ఇలాంటి అలే. చాలా ఎస్ఎంపీఎస్‌లు దాన్ని పట్టించుకోవు. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే రకాల్లో కొన్ని మాత్రం మొరాయిస్తాయి. ఖరీదైన కంప్యూటరుకు సైన్ వేవ్ ఇచ్చేదాన్ని అడగడంలో అర్థముంది. లేజర్ ప్రింటరును దేనికీ తగిలించకండి, కాగితం మీద పొడిని కాల్చి అతికించే దాని హీటరు యూపీఎస్‌ను ముంచేస్తుంది.

అసలు యూపీఎస్ అవసరం లేని ఇళ్లకు కూడా అది అమ్ముడుపోతోంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ దాని ఒళ్లోనే ఉంది. అక్కడ ఆగిపోయేది ఇంటర్నెట్ రూటరు. పది వాట్లు కూడా తినని ఆ చిన్న డబ్బా కోసం 600 వీఏ యూపీఎస్ పెడితే, 12 వోల్టుల బ్యాటరీని 230 వోల్టుల ఏసీగా మార్చి, అడాప్టరుతో మళ్లీ 12 వోల్టుల డీసీగా దింపుతాం. ఆ రాకపోకల్లో యూపీఎస్ సొంత ఖర్చే రూటరు ఖర్చును మించిపోవచ్చు. నేరుగా డీసీ ఇచ్చే చిన్న లిథియం బ్యాకప్ చాలు, గంటల తరబడి నడుస్తుంది. కొనేముందు అడాప్టరు మీద ఉన్న వోల్టులు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఫైబర్ కనెక్షన్ చాలాచోట్ల పాసివ్ ఆప్టికల్ రకం. దారిలో కాంతిని చీల్చే పరికరాలకు కరెంటుతో పని లేదు. అవతలి కొసలో కంపెనీ యంత్రానికి బ్యాకప్ ఉంటే వీధంతా చీకటైనా మీకు ఇంటర్నెట్ వస్తుంది.

ఇంట్లో ఇప్పటికే పెద్ద ఇన్వర్టర్ ఉందా? 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అంటే 1800 వాట్-అవర్లు. చిన్న యూపీఎస్‌కు ఇరవై రెట్లకు పైగా. చాలా ఇన్వర్టర్లకు వెనక ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ వైపు తిప్పితే కంప్యూటరు ఆగనంత త్వరగా మారుతుంది. లో-వోల్టేజీ ఉన్న ఊళ్లో ఆ స్థితిలో అది మాటిమాటికీ బ్యాటరీకి వెళుతుంది, అదొక్కటే ఇబ్బంది. ఈ స్విచ్ సంగతి తెలియకనే ఎంతోమంది రెండో పెట్టె కొంటున్నారని నా అనుమానం.

నిజంగా కావలసింది డెస్క్‌టాప్ మీద బతుకుదెరువు ఉన్నవాళ్లకి. ఇంట్లో డీటీపీ చేసేవారు, లెక్కలు రాసేవారు, ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవారు. కంప్యూటరు ఫైల్ వ్యవస్థ ఇప్పుడు హఠాత్తుగా ఆగినా తన నిర్మాణాన్ని కాపాడుకుంటుంది గానీ, సేవ్ చేయని పెళ్లిపత్రికను కాపాడదు. వాళ్లకు కావలసింది ఒకే భరోసా: ఎన్ని నిమిషాలు? దానికే జవాబు పెట్టె మీద లేదు. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లకు మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకు వర్తించే ఐఎస్ 16242 మొదటి భాగం భద్రతకు సంబంధించినది. షాక్ కొట్టదని, మంటలు రావని అది చూస్తుంది. అది ముఖ్యమే. నిమిషాల గురించి మాత్రం కొనేవారికి ఏమీ చెప్పదు. కొన్ని పెట్టెల మీద 'ఇన్ని నిమిషాల వరకు' అని ఉన్నా, ఎంత లోడుకో ఉండదు.

లోడును బట్టి మారుతుంది కాబట్టి నిమిషాలు రాయలేమని తయారీదారులు అనొచ్చు. బండి మైలేజీ కూడా రోడ్డును బట్టి మారుతుంది. అయినా ఒక నిర్ణీత పరీక్షలో వచ్చిన అంకె కంపెనీలు చెబుతున్నాయి, మనం పోల్చుకుంటున్నాం. 50, 100, 200 వాట్ల దగ్గర కొత్త బ్యాటరీతో ఎన్ని నిమిషాలు, లోపలి బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, అది ఏ నెలలో తయారైంది. ఇంతే కావలసింది. చివరిది ఎందుకంటే, దుకాణం అరలో ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. పెట్టె కొత్తదే, బ్యాటరీ ముసలిది.

ఈ ముసలి బ్యాటరీలు ఎక్కడికి పోతాయన్నది కూడా కొనుగోలులో భాగమే. ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు కిలోలకు పైగా బరువుంటుంది, అందులో ఎక్కువ పాలు సీసమే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుది. వాటిని మామూలు చెత్తలో కలపకుండా సేకరించేవారికి అప్పగించడం మన వంతు. తుక్కు కొనేవాడికి వేస్తే నాలుగు రూపాయలు ఎక్కువ రావొచ్చు. అక్కడి నుంచి అది ఆరుబయట సీసం కరిగించే పొయ్యికి చేరే ప్రమాదం ఉంది, ఆ పొగ, ధూళి ముందుగా దెబ్బతీసేది చుట్టుపక్కల ఆడుకునే పిల్లల మెదళ్లను. కొత్త బ్యాటరీ బేరమాడేటప్పుడే పాతది తీసుకుని బిల్లులో ఎంత తగ్గిస్తారో అడగండి.