‘పెద్దమనిషి’ అయిన పిల్లకు ఎవరూ చెప్పని మాట

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 19న ఇచ్చిన ఒక ఉత్తర్వును మన కుటుంబాలు తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదముంది. పదహారేళ్ల ముస్లిం బాలికకు, ఆమెను వివాహమాడిన యువకునికి రక్షణ కల్పిస్తూ పంజాబ్, హర్యానా హైకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. దానిపై జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. అంతమాత్రాన ‘ఇక పదహారుకే నికాహ్ చేయవచ్చు’ అనుకోరాదు. ఆ రక్షణను సవాలు చేసే అర్హత కమిషన్‌కు లేదన్నదే కోర్టు మాట. పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో కాపురం నేరమని ఇదే న్యాయస్థానం 2017 అక్టోబరులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా అదే వయస్సును పేర్కొంటోంది.

చట్టం సంగతి అలా ఉంచుదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల బాలికల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతమే. ఇవి అన్ని మతాల వారినీ కలిపిన లెక్కలు. అయినా ఇందులో మన వాటా లేదనలేం. ఏలూరు పక్కన పెదపాడు నుంచి కొల్లేటి గట్ల దాకా ఏ ఊళ్లో చూసినా కారణాలు ఒక్కటే. తల్లి ఇంటిపనికి గల్ఫ్‌కు వెళ్తుంది, పిల్ల నానీ దగ్గర పెరుగుతుంది, పదో తరగతి కాగానే సంబంధం వస్తుంది. ‘పెద్దమనిషి అయిన పిల్లను ఎన్నాళ్లు ఇంట్లో పెట్టుకుంటాం’ అన్న బెంగ మిగతా పని పూర్తి చేస్తుంది.

ఆ ‘పెద్దమనిషి’ అన్న మాటే మనల్ని మోసం చేస్తోంది. నెలసరి మొదలు కావడమంటే శరీరం ఎదగడం పూర్తయిందని కాదు. పన్నెండు, పదమూడేళ్లకు నెలసరి వచ్చినా కటి ఎముకలు ఇంకా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటాయి. ఆ దశలో గర్భం వస్తే తల్లి ఎదుగుదలకు, బిడ్డ ఎదుగుదలకు ఒకే తిండి, ఒకే రక్తం చాలాలి. దేశంలో ఈ వయస్సు ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. గుర్రపువాతమని పెద్దలు పిలిచే మూర్ఛలు, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం, ఇవన్నీ ఇరవై దాటిన తల్లుల కన్నా ఈ వయస్సు తల్లులకే ఎక్కువ.

మన తల్లులు పిల్లకు హైజ్ నియమాలు చక్కగా నేర్పుతారు. నమాజు ఎప్పుడు మానాలి, వదిలిన రోజాలు ఎలా తీర్చాలి, గుస్ల్ ఎలా చేయాలి అన్నీ చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. ధర్మం తెలుసుకోవడానికి మదీనా అన్సారీ స్త్రీలకు సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (ర.అ) మెచ్చుకున్నారు. ఆ స్త్రీలు నెలసరి శుద్ధి గురించి నేరుగా దైవప్రవక్త (స)నే అడిగారు. మరి గర్భం ఎలా వస్తుందని పదిహేనేళ్ల కూతురు అడిగితే మనం కసురుకోవడం ఏ సంప్రదాయం?

చెప్పవలసింది పెద్ద విద్యేమీ కాదు. నెలకొకసారి అండాశయం నుంచి ఒక అండం విడుదలవుతుంది. అది సుమారుగా తర్వాతి నెలసరికి పద్నాలుగు రోజుల ముందు జరుగుతుంది. అండం ఒక్కరోజే బతుకుతుంది గాని, పురుష బీజకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు నిలవగలవు. మొదటి రెండు మూడేళ్లు నెలసరి క్రమంగా రాదు కనుక ‘ఫలానా రోజులు భయం లేదు’ అన్న లెక్క ఆ పిల్లల విషయంలో నిలవదు. నెలసరి సరిగా రాని పిల్లకు గర్భం రాదనుకోవడం కూడా పొరపాటే.

తల్లుల అసలు భయం మరొకటి. ఆలస్యమైతే పిల్లలు పుట్టరేమోనని. ఇరవైల వయస్సంతా సంతానానికి అనువైనదే. ముప్పై దాటాక ఆ శక్తి నెమ్మదిగా, ముప్పై అయిదు తర్వాత వేగంగా తగ్గుతుంది. పదిహేడేళ్ల పిల్లను తొందరపెట్టడానికి ఇది కారణం కానే కాదు. పెళ్లయి ఆరు నెలలు తిరగకముందే ‘విశేషమేమైనా ఉందా’ అని అడిగే అత్తలకు ఇంకో సంగతి. ఏడాది పాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యులు పరీక్షలు మొదలుపెడతారు. సంతానం లేని దంపతుల్లో దాదాపు సగం మంది విషయంలో లోపం భర్త వైపు కూడా ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిందించేవారు గ్రహించాలి, బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి బీజకణం మీదనే ఆధారపడుతుంది.

(ఈ పేజీని పిల్లల కంట పడకుండా మడిచిపెట్టే తండ్రులకు మనవి: ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పుస్తకంలో పునరుత్పత్తి పాఠం ఉంది. మీ అమ్మాయి దానికి పరీక్ష కూడా రాస్తుంది.)

పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలు కాకపోయినా, మూడు నెలలకు పైగా ఆగిపోయినా, ఏడు రోజులకు మించి రక్తస్రావం సాగినా వైద్యురాలికి చూపించాలి. ఇక ఇప్పటికే గర్భవతి అయిన పిల్ల మాట. కేసు భయంతో వయస్సు పెంచి చెప్పడం, ఇంట్లోనే దాచి ఉంచడం ఆ పిల్ల ప్రాణం మీదకు తెస్తాయి. ఎంత ప్రమాదముందో వైద్యురాలు అంచనా వేయాలంటే అసలు వయస్సు తెలియాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆశా కార్యకర్తకు చెబితే తనే వెంటబెట్టుకు వెళ్తుంది.