వారానికోసారి చాలు, అదీ తలుపేసుకుని

మా చెల్లెలి కూతురికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, రిష్తాలు చూస్తున్నారు. మొన్న ఎండాకాలం వాళ్లింట్లో రెండు రోజులున్నాను. పొద్దున ఏడింటికి చాయ్ గ్లాసుతో హాల్లోకి వస్తే, దివాన్ పక్కన నేల మీద కాంటా, దాని మీద మా పిల్ల, ఎదురుగా వాళ్ల అమ్మీ, వాళ్ల దాదీ, పక్క పోర్షన్ భాబీ.

"కిత్నా?" అని దాదీ.

"అరవై ఎనిమిది పాయింట్ నాలుగు."

"నిన్న అరవై ఏడున్నరే గదా! రాత్రి ఏం తిన్నవే?"

రాత్రి ఆ పిల్ల నా పక్కనే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నది. రెండు రొట్టెలు, గిన్నెడు దాల్, నిమ్మకాయ అచార్. అంతే. భాబీ మాత్రం "బిర్యానీ మీద మనసు పోయి ఉంటది" అని నవ్వింది. పిల్ల తల వంచుకుని లోపలికి పోయింది. సాయంత్రం మగ్రిబ్ తర్వాత మళ్లీ ఎక్కించారు. నేను మెల్లగా దాన్ని పక్కకు పిలిచి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. కాంటా ఎక్కే ముందు మూడు నాలుగు గంటలు నీళ్లు తాగడం మానేసిందట. "గ్లాసు నీళ్లు పావు కిలో గదా ఖాలా" అంది. మే నెల. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

మెహమాన్‌గా వెళ్లినదాన్ని, ఆ ఇంట్లో పెద్దావిడ ముందు నోరు విప్పలేకపోయాను. అక్కడ మింగిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను. చెల్లె చదువుతుంది, నాకు తెలుసు. చదవనీ.

ముందు ఆ తొమ్మిది వందల గ్రాముల హిసాబ్ చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే మన ఒళ్లు ఖర్చు పెట్టేదానికి పైన దాదాపు 7,700 క్యాలరీలు తినాలి. 900 గ్రాములకు సుమారు 7,000. రొట్టెకు వంద చొప్పున వేసుకున్నా డెబ్బై రొట్టెలు, అవీ రోజువారీ తిండి కాక. ఆ పిల్ల రాత్రికి రాత్రి డెబ్బై రొట్టెలు తిన్నదా? మరి కాంటా అబద్ధం చెప్పిందా? లేదు, కాంటా నిజమే చెప్పింది. అది తూచేది కొవ్వును కాదు, మొత్తం మనిషిని. తాగిన నీళ్లు, కడుపులో ఇంకా అరగని అన్నం, పొద్దున బాత్రూమ్‌కు పోయామా లేదా అన్నది, అన్నీ అందులోకే వస్తాయి. అచార్‌లోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. ఆడపిల్లలకు నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో దాకా పెరగడం మామూలే. ఇషా నుంచి ఫజర్ దాకా పడుకున్నంతసేపూ ఊపిరిలో, చెమటలో కొన్ని వందల గ్రాములు పోతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి వజన్ కూడా పొద్దుటికీ రాత్రికీ కిలో, కిలోన్నర తేడా వస్తుంది. దావత్‌లో బగారా ఖానా, దాల్చా, డబల్ కా మీఠా తిన్న మర్నాడైతే రెండు కిలోలు ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. రెండు మూడు రోజుల్లో చాలామటుకు దానంతటదే వాపస్ పోతుంది.

ఇప్పుడు రెండో వైపు. మంచిగా, ఒంటికి తక్లీఫ్ లేకుండా తగ్గే మనిషి వారానికి అర కిలో తగ్గుతుంది. రోజుకు ఎంత? డెబ్బై గ్రాములు. మన ఇండ్లలో ఉండే డిజిటల్ కాంటాలు చాలావరకు చూపించే అతి చిన్న తేడా వంద గ్రాములు. అంటే, పిల్ల అన్నీ సరిగ్గా చేస్తున్నా, ఆ ఒక్క రోజు తగ్గిన కొవ్వు కాంటాకు కనబడను కూడా కనబడదు. కనబడేదల్లా పైకీ కిందికీ ఊగే నీళ్లే. బరాత్ బ్యాండ్ పక్కన నిలబడి ఎవరో గుసగుసగా చెప్పే మాట వినాలనుకోవడం లాంటిది ఇది. ఆ ఊగే నీళ్లను చూసి పొద్దున ఖుషీ, సాయంత్రం మాతం. దాన్ని చూసే నాష్తా పెట్టాలా వద్దా అన్న ఫైసలా.

అందుకే నా మాట ఇది: వారానికి ఒక్కసారి. ఏ రోజైనా సరే, నేను మాత్రం జుమా పెట్టుకున్నాను, ఎట్లాగూ ఆ రోజు మర్చిపోను. పొద్దున లేచి, బాత్రూమ్‌కు పోయి వచ్చి, చాయ్ కూడా తాగకముందు, అవే పలచటి బట్టలతో. కాంటా గట్టి నేల మీద ఉండాలి, కాలీన్ మీద పెడితే లెక్క తప్పుతుంది. అంకె ఒక కాపీలో రాసుకోవాలి, మూసేయాలి. ఒక్క వారం చూసి ఏమీ అనుకోకూడదు. నాలుగు జుమాలయ్యాక నాలుగు అంకెలూ కలిపి చూడాలి, కిందికి పోతున్నాయా, పైకి పోతున్నాయా, అక్కడే ఉన్నాయా. నెలసరి ఉన్న ఆడవాళ్లు ఈ వారాన్ని పోయిన వారంతో కాదు, పోయిన నెల ఇదే వారంతో పోల్చుకోవాలి. దీనికి సబర్ కావాలి. ఆ సబర్ లేకనే అందరం మోసపోతున్నాం.

మోసం అంటే గుర్తొచ్చింది. పదేళ్ల క్రితం నేనే ఒక స్లిమ్మింగ్ సెంటర్లో డబ్బులు కట్టాను. పేరెందుకు లెండి. రోజూ అందరి ముందూ ఎక్కించి, బోర్డు మీద మార్కర్‌తో రాసేవాళ్లు. మొదటి వారంలోనే మూడు కిలోలు! ఇంటికి వచ్చి స్వీట్ పంచినంత పని చేశాను, మూడు నెలల ప్యాకేజీ కట్టేశాను. వాళ్లు చేసిందేమిటంటే అన్నం, రొట్టె ఒక్కసారిగా ఆపించారు. మన కండరాల్లో, కాలేయంలో కొంత పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, దాని ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం ఆపితే ఆ నిల్వ ఖాళీ, దాంతో పాటు నీరూ ఖాళీ. కొవ్వు ఎక్కడిదక్కడే. రెండో నెల ఒక పెళ్లిలో రెండు పూటలు తిన్నానో లేదో ఆ మూడు కిలోలూ తిరిగి వచ్చాయి. బోర్డు దగ్గరి పిల్ల "మేడమ్, మీకు విల్‌పవర్ లేదు" అంది. నీళ్లకు విల్‌పవర్ ఏంటమ్మా? రోజూ తూచే దుకాణాలన్నీ ఈ మొదటి వారం మీదే బతుకుతున్నాయి.

రమ్‌జాన్ సంగతీ ఇంతే. "ఈసారి రోజాలతో నాలుగు కిలోలు దించేస్తా" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. నెల రోజుల రోజాలతో సగటున తగ్గేది కిలో అటూ ఇటూ, అందులో ఎక్కువ భాగం ఈద్ తర్వాత కొన్ని వారాల్లోనే వాపస్. ఇఫ్తార్ ముందు ఎక్కి చూసుకుంటే తగ్గినట్టే ఉంటుంది, రోజంతా నీళ్లు లేవు కదా. రోజా వజన్ కోసం పెట్టేది కాదు, కాంటాను ఆ నెలంతా పరుపు కింద పెట్టేయండి. నిజంగా తెలుసుకోవాలంటే షాబాన్‌లో చివరి జుమా రాసుకున్న అంకె పక్కన ఈద్ అయిన నెలకు వచ్చే జుమా అంకె రాయండి.

ఇక్కడ నన్ను పట్టుకునేవాళ్లు ఉన్నారు. "రోజూ చూసుకుంటేనే అదుపులో ఉంటుందని అమెరికా స్టడీలు చెప్తున్నాయి ఆపా" అంటారు. నిజమే, నేను కాదనను. అక్కడ 1994 నుంచి ఒక రిజిస్ట్రీ నడుస్తోంది, బాగా తగ్గి ఆ తగ్గింది నిలబెట్టుకున్నవాళ్ల లెక్కలతో. అందులో నాలుగింట మూడు వంతుల మంది కనీసం వారానికోసారి వజన్ చూసుకునేవాళ్లే. కొందరు రోజూ చూసుకుంటారు, దానితో వాళ్లకు ఫాయిదా ఉంది. రోజూ చూసి, ఆ రోజు అంకెను పట్టించుకోకుండా వారం సగటు తీసుకునే గుండె మీకుంటే రోజూ చూసుకోండి, నాకేం అభ్యంతరం? అయితే ఆ మనిషి తన బాత్రూమ్‌లో, తన కోసం, తలుపేసుకుని చూసుకుంటోంది. మన ఇంట్లో అంకె ఎవరిది? అమ్మీది, దాదీది, ఫూఫీది, రిష్తా తెచ్చే ఆవిడది. పొద్దున ఏడింటికి పలికిన అంకె ఎనిమిదింటికల్లా మొహల్లా దాటుతుంది. అందుకే తలుపేసుకోమంటున్నాను.

జహంగీర్ బాద్‌షాను ఏటా రెండుసార్లు తూచేవాళ్లు, ఒకటి సూర్యమానం లెక్కన పుట్టినరోజుకు, ఒకటి చాంద్ లెక్కన. ఇంగ్లండ్ నుంచి వచ్చిన థామస్ రో 1617లో ఆ జష్న్ చూసి రాసుకున్నాడు కూడా. ఒక తక్కెడలో బాద్‌షా, రెండో తక్కెడలో బంగారం, వెండి, బట్టలు, ధాన్యం. అదంతా ఖైరాత్‌గా పోయేది. ఆయన ఎంత లావెక్కితే గరీబులకు అంత లాభం. హిందుస్తాన్ ఏలినవాణ్ణి ఏడాదికి రెండుసార్లు తూచారు. మా పిల్లను రోజుకు రెండుసార్లు తూస్తున్నారు. ఎవరికీ పైసా లాభం లేదు.

ఇంకో సంగతి. ఆ హాల్లో, అదే సోఫాలో, మా మరిది గారు పేపర్ చదువుతున్నారు. యాభై రెండేళ్లు. పొట్ట మీద పేపర్ పెట్టుకుంటే చేత్తో పట్టుకోనక్కర్లేదు. రాత్రి పదకొండింటికి నిహారీ, పొద్దున పాయా. బీపీ గోళీ ఉంది, అది కూడా గుర్తొస్తేనే. ఆయన్ను ఎవరైనా కాంటా ఎక్కించారా? "మగాళ్లకు పొట్ట ఉంటేనే రోబ్" అంటుంది దాదీ. మన దక్షిణాసియా ఒళ్లకు లెక్కలు ఇంకా కఠినంగా ఉన్నాయి. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్‌కూ గుండెకూ ఖత్రా పెరుగుతుందని డాక్టర్లు చెప్తారు. బీఎంఐ 23 దాటితేనే మనకు ఎక్కువ కింద లెక్క, తెల్లవాళ్లకైతే 25. దర్జీ టేపుతో నడుము కొలిస్తే ఎవరి ఫికర్ ముందు చేయాలో తెలిసిపోయేది. ఇరవై రెండేళ్ల పిల్లను తూచేది బీమారీ భయంతో కాదు, అబ్బాయి వాళ్లు ఫొటో చూసి ఏమంటారోనన్న భయంతో. తబియత్ కోసమే అయితే మొదట ఎక్కాల్సింది ఆ సోఫాలో మనిషి.

అసలు తూచుకోనివాళ్లదీ గల్తీయే. "అల్లా ఇచ్చిన ఒళ్లు" అని పదేళ్లు కాంటా మొహం చూడకపోతే, ఏడాదికి కిలో చొప్పున పది కిలోలు చడీచప్పుడు లేకుండా చేరతాయి. ఇంకా పెద్ద ఖత్రా తగ్గుదలలో ఉంది. మా బంధువుల్లో ఒక చాచా రెండు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గారు, ఏమీ చేయకుండానే. వలీమాల్లో అందరూ "మాషా అల్లా, స్మార్ట్ అయిపోయారు" అని ముబారక్‌లు చెప్పారు. ఆయనా ఖుష్. చివరికి కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చూస్తే షుగర్ నాలుగు వందలు దాటింది. తిండి మార్చకుండా, నడక పెంచకుండా నాలుగు జుమాలు వరసగా అంకె దిగిపోతుంటే అది మిఠాయి పంచాల్సిన సంగతి కాదు. షుగర్ కావచ్చు, టీబీ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన సంగతి.

వారానికోసారి అన్న నా మాట కొందరికి వర్తించదు. గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరే బీమారీ ఉన్నవాళ్లను డాక్టర్లు రోజూ పొద్దున తూచుకోమంటారు. ఒక్క రోజులో కిలో దాటి, లేదా వారంలో రెండు కిలోలు దాటి పెరిగితే వెంటనే ఫోన్ చేయాలి, వాళ్లకు ఆ నీరే ప్రాణం మీదికి వస్తుంది. డయాలిసిస్ వాళ్ల హిసాబ్ వేరు, అది వాళ్ల ఆస్పత్రి చెప్తుంది. కడుపుతో ఉన్నవాళ్లను చెకప్‌లో ఎట్లాగూ చూస్తారు, ఇంట్లో అత్తగారు చూడనక్కర్లేదు. తిండి చూస్తేనే భయపడే స్థితికి వచ్చిన పిల్లలకైతే కాంటా ఇంట్లో లేకపోవడమే మేలు. మా చెల్లెలి కూతురు ఆ దారిలో ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. నీళ్లు మానేసిన పిల్ల రేపు ఏం మానేస్తుందో ఆలోచించు చెల్లీ.

ఆ పిల్లను నాతో వారం రోజులు తీసుకొచ్చాను, "ఖాలా ఇంట్లో పని ఉంది" అని అబద్ధం చెప్పి. పొద్దున ఇద్దరం పార్కులో నడిచాం. రాత్రి తిండి తొమ్మిదికల్లా ముగించాం. కాంటా ఎక్కలేదు. జుమా రోజు తనే అడిగింది. "తలుపేసుకుని చూసుకో, నాకు చెప్పొద్దు" అన్నాను. బయటికొచ్చి ఏమీ చెప్పలేదు, రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

ఆ తర్వాత మా ఆయన్ను ఎక్కించాం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి. కిందికి చూశారు, దిగారు, మళ్లీ ఎక్కారు. "కాంటా ఖరాబ్ హై" అన్నారు. స్టోర్ రూమ్ నుంచి కొత్తగా వచ్చిన ఇరవై ఐదు కిలోల సోనామసూరి బస్తా లాక్కొచ్చి దాని మీద పెట్టాం, నేనూ పిల్లా కలిసి. ఇరవై ఐదు పాయింట్ ఒకటి చూపించింది.