తలల లెక్క, కంచాల లెక్క

మన వ్యవసాయ విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలలో అనేకం ‘నానాటికీ పెరుగుతున్న జనాభా అవసరాలను తీర్చుటకు’ అనే మాటలతో ప్రారంభమవుతాయి. ఒక తరం పాటు ఆ మాట అక్షరాలా నిజం. 1951లో 36 కోట్లున్న దేశ జనాభా 2011 నాటికి 121 కోట్లు దాటింది. ఆ అరవై ఏళ్లలోనే ఆహారధాన్యాల ఉత్పత్తి సుమారు 5 కోట్ల టన్నుల నుంచి 24 కోట్ల టన్నులకు పెరిగింది. నికర సాగుభూమి మాత్రం 1970ల నుంచి 14 కోట్ల హెక్టార్ల దగ్గరే నిలిచిపోయింది. కొత్త భూమి లేకుండా కొత్త నోళ్లకు అన్నం పెట్టింది విత్తనం, నీరు, ఎరువు. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఈ కృషిలో మన వంతు. 1798లో మాల్థస్ వేసిన అంచనా ఇక్కడ తప్పింది. అయితే తప్పించుకున్నందుకు మూల్యం చెల్లించవలసినది నేల, నీరు.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981-91 దశాబ్దంలో జనాభా 24 శాతం పెరగగా, 2001-11లో 11 శాతమే పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి కలిగే సంతానం సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో తొలగించింది. దేశ జనాభా మరికొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది, కాదనలేము. అయినా తెలుగు నేల మీద వేగం తగ్గిన ఈ కాలంలో భూగర్భ జలాలపై ఒత్తిడి ఏ మాత్రమైనా తగ్గిందా? తగ్గలేదు. కాబట్టి పర్యావరణ క్షీణతకు జనాభాను ఏకైక కారణంగా చూపే అలవాటును మనం పునఃపరిశీలించాలి.

నా దృష్టిలో జనాభా పెరుగుదల పల్లెకు చేరేది నోళ్ల రూపంలో కంటే పంపకాల రూపంలోనే ఎక్కువ. 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి 1.08 హెక్టార్లు. తండ్రి ఒకే బావి కింద సాగుచేసిన పొలం నలుగురు కొడుకులకు పంచబడినప్పుడు భూమి నాలుగు ముక్కలవుతుంది, కానీ బావి ముక్కలు కాదు. అందుచేత ప్రతి ముక్కలోనూ ఒక బోరు పడుతుంది. రాయలసీమ, తెలంగాణలలో అత్యధిక భాగం గ్రానైటు వంటి కఠిన శిలల నేల. శిథిలమైన పైపొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప అక్కడ నీరు నిలువదు. అన్నదమ్ముల బోర్లు నాలుగూ తోడేది తరచుగా ఆ పగుళ్లలోని నీటినే. ఒకరు లోతుకు పోతే మిగిలినవారూ పోక తప్పదు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రెండింటిలో ఏది బలంగా పనిచేసిందో విస్తరణ శాస్త్రవేత్తలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నోళ్ల సంగతి. కిలో బియ్యం పండించడానికి రెండున్నర వేల లీటర్లకు తక్కువ కాని నీరు కావాలి. వరికి వేసిన నత్రజనిలో పైరు గ్రహించేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలినది గాలిలోకో నీటిలోకో పోతుంది. ఇంత వ్యయంతో గాదెలు నింపాము. కంచం నిండిందా? 1951లో రోజుకు తలసరి 60 గ్రాములకు పైగా లభించిన పప్పుధాన్యాలు 2011 నాటికి 43 గ్రాములకు దిగాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. మొక్కజొన్నలో అధిక భాగం కోళ్ల దాణాకు వెళుతుండగా, ఇప్పుడు ఇథనాల్ కర్మాగారాలూ దానికి పోటీదారులయ్యాయి. వాహనాల ఇంధన అవసరాన్ని జనాభా అవసరంగా లెక్కకట్టడం న్యాయం కాదు.

కొల్లేరు చెప్పేదీ ఇదే. చేపల చెరువుల గట్లు సరస్సును ఆక్రమించగా, 2006లో ప్రభుత్వం అయిదో కాంటూరు లోపలి చెరువులను ధ్వంసం చేయించింది. ఈ ప్రాంతపు చేపలలో అధిక భాగం చేరేది పశ్చిమ బెంగాల్, అస్సాం వంటి దూర రాష్ట్రాలకు. కొల్లేటి తీరంలో ఎందరు పుట్టారన్న లెక్కతో ఆ ఆక్రమణను వివరించలేము. దూరపు గిరాకీ, చేతికందే లాభం, నిద్రపోయిన పర్యవేక్షణ కలిసి చేసిన పని అది. ఇందుకు మత్స్యకారుని ఒక్కడినే నిందించడం తేలిక, అనుచితం కూడా.

మార్గాలు మనకు తెలియనివి కావు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే మినుము చల్లి, నేలలో మిగిలిన తేమతోనే పంట తీయడం రైతులకు కొత్త కాదు. దున్నకం లేదు, నీటి తడి దాదాపు లేదు, కంచానికి పప్పు దక్కుతుంది, నేలకు నత్రజని మిగులుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాలలో నడిచిన భూగర్భ జల పథకంలో రైతులే వానను, బావుల నీటిమట్టాన్ని కొలిచి, యాసంగికి ముందు ఊరుమ్మడిగా నీటి లెక్క కట్టుకున్నారు. ఫలానా పంట మానండని వారికెవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క కళ్లముందుండగా, పలువురు వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు మళ్లారు. నలుగురు అన్నదమ్ముల బోర్ల సమస్యకు నాకు తెలిసినంతలో ఇంతకంటే గౌరవప్రదమైన విస్తరణ పద్ధతి లేదు.

అయినా మన ప్రదర్శన క్షేత్రాల ఫలితాల పట్టికలో నేటికీ ప్రధాన గడి హెక్టారుకు దిగుబడి ఒక్కటే. దాని పక్కన ఘనపు మీటరు నీటికి ఎంత పండింది, హెక్టారుకు ఎన్ని కిలోల మాంసకృత్తులు వచ్చాయి అనే రెండు గడులు చేర్చడానికి కొత్త పథకమో, నిధులో అవసరం లేదు. రానున్న యాసంగి ప్రదర్శనల నుంచే ఆ పని ఆరంభించవచ్చు. పొలానికి వచ్చిన రైతు మొదట ఏ గడి చూస్తాడో కూడా విద్యార్థులు నమోదు చేస్తే, సిద్ధాంత వ్యాసానికి మరింత మంచి తొలి వాక్యం దొరుకుతుంది.