కొక్కెం వీపుకెందుకు?

పోయిన నెల మామయ్య నన్ను ఒక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. సగం ఆలస్యం నా తెలుగు వల్ల, మిగతా సగం నా తొందరపాటు వల్ల.

మా అమ్మ వాళ్ళది భువనగిరి దగ్గర ఒక పల్లె. వాళ్ళది గౌడ కుటుంబం. తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కి కల్లు గీస్తారు. నేను మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, సింగపూర్‌లో, బిషాన్‌లో. ఇక్కడి బడుల్లో తెలుగు లేదు కాబట్టి తమిళం చదువుకున్నాను. తెలుగు ఇరవై ఏళ్ళు దాటాక మొదలుపెట్టాను. ఫోన్‌లో మామయ్య మాటలు వింటూ, నోట్‌బుక్‌లో రాసుకుంటూ నేర్చుకున్న తెలుగు ఇది. తప్పులుంటే దిద్దండి.

నాకు ఇద్దరు మామయ్యలు. పెద్దమామయ్య 2016లో తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ మళ్ళీ నడవలేదు. చిన్నమామయ్యకు ఇప్పుడు యాభై మూడేళ్ళు. ఆయన ఇంకా పొద్దున, సాయంత్రం చెట్టు ఎక్కుతూనే ఉన్నాడు. ఊళ్ళో వాన పడిందని తెలిస్తే అమ్మ ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకుంటుంది. అమ్మ ఏమీ చెప్పదు. ఆ ఫోన్ చూస్తే నాకే అర్థమవుతుంది.

అందుకని నేను డబ్బులు కూడబెట్టి ఒక హార్నెస్ కొన్నాను. దానికి తెలుగులో ఇంకో మాట ఉందేమో. మామయ్య ‘బెల్టు’ అన్నాడు, నేనూ అదే అంటాను. భుజాలకు, ఛాతీకి, తొడలకు పట్టీలున్న పెద్ద బెల్టు. భవనాలు కట్టే కార్మికులు వేసుకునేది. దుకాణంలో ఉన్నవాటిలో ఖరీదైనదే తీసుకున్నాను. హైదరాబాద్ వెళ్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపాను. నా బాధ్యత తీరిపోయింది అనుకున్నాను.

మామయ్య బెల్టు కట్టుకుని వీడియో కాల్ చేశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకుని అడిగాడు: “అల్లుడా, కొక్కెం ఈపుకు పెట్టిండ్రేంది? నేను చెట్టును ఈపుతోని ఎక్కుతనా?”

వెనక ఎవరో పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నాకు సగమే అర్థమైంది. ‘ఈపు’ అంటే వీపు అని తర్వాత అమ్మ చెప్పింది. ప్రశ్న అర్థమయ్యాక నవ్వు పోయింది. ఎందుకంటే మామయ్య అడిగింది సరైన ప్రశ్న.

భవనం పనిలో కొక్కెం వీపు మీద ఉండటానికి కారణం ఉంది. అక్కడ తలకు పైన ఒక దూలమో, ఇనుప తీగో ఉంటుంది. తాడు దానికి కడతారు. మనిషి జారితే తాడు పైనుంచి పట్టుకుంటుంది, వేలాడేటప్పుడు తల పైకే ఉంటుంది. సింగపూర్‌లో ఎత్తు మీద పనికి 2013 నుంచి ప్రత్యేకమైన నిబంధనలున్నాయి. 3 మీటర్ల కన్నా ఎక్కువ ఎత్తు నుంచి పడే ప్రమాదం ఉంటే ముందు అనుమతి పత్రం తీసుకోవాలి. తాటిచెట్టు అంతకు ఎన్నో రెట్లు ఎత్తు ఉంటుంది. అక్కడ అనుమతి పత్రమూ లేదు, పైన దూలమూ లేదు. ఎక్కేవాడి తల మీద మట్టలు, వాటి మీద ఆకాశం.

మరి ఇన్నాళ్ళూ ఆయన్ని పట్టుకున్నది ఏమిటి? మోకు. ఈ మాట నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఉంది. మోకు అంటే చెట్టునీ మనిషినీ కలిపి చుట్టే తాడు. నడుముకు కట్టుకునే సరంజామాను మామయ్య ‘ముస్తాదు’ అంటాడు, ‘ముత్తాదు’ అనేవాళ్ళూ ఉన్నారు. కాళ్ళకు వేసుకునేది ‘గుజి’. గీత కార్మికుడు మోకు మీద వెనక్కి వాలతాడు. ఆ వాలు బరువుతోనే తాడు చెట్టును పట్టుకుంటుంది. తర్వాత మోకును పైకి జరిపి, కాళ్ళు పైకి తీసుకుంటాడు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చాలా తెలివైన పద్ధతి. కానీ కాలు జారి, వాలు తప్పితే మోకు వదులవుతుంది. అప్పుడు అది మనిషితో పాటే కిందికి జారుతుంది. నిలబెట్టడానికి మోకు చాలు. పడితే ఆపడానికి చాలదు.

ఈ తేడా నాకు బిషాన్‌లోనే తెలిసింది. బిషాన్–ఆంగ్ మో కియో పార్కులో ఒక ఆదివారం పెద్ద వాన చెట్టు కొమ్మలు కొడుతున్నారు. చెట్టు మీద ఉన్న మనిషి బెల్టుకు కొక్కేలు నడుముకు రెండు వైపులా ఉన్నాయి, ఇంకొకటి ముందు ఉంది. ఆయన కిందికి దిగాక తమిళంలో పలకరించాను. బడిలో చదివిన తమిళం ఇన్నేళ్ళకు పనికొచ్చింది! మా మామయ్య సంగతి చెప్పగానే ఆయన తన నడుము తాడు నా చేతికిచ్చాడు. చాలా బరువుంది. లోపల ఉక్కు తీగ ఉందట. “చేతిలో రంపం ఉన్నప్పుడు మామూలు తాడును నమ్మకూడదు” అన్నాడు. నాకు వెంటనే మామయ్య గీత కత్తి గుర్తొచ్చింది. గడ్డం గీసుకునేంత పదునుగా ఉంటుంది. నేను పంపిన తాడు నైలాన్‌ది.

ఆ రాత్రి నుంచి చెట్లెక్కే ఇతరుల గురించి చదివాను. అమెరికాలో వేటగాళ్ళు చెట్టుకు మంచె కట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటారు. వేట నాకు నచ్చదు. కానీ ఒంటరిగా చెట్టెక్కడం గురించి వాళ్ళకు బాగా తెలుసు. ఒకప్పుడు వాళ్ళు నడుముకు ఒక్క పట్టీయే కట్టుకునేవాళ్ళు. పడినప్పుడు ఆ పట్టీ పైకి జరిగి ఊపిరి ఆడనివ్వదు, లేదా మనిషి అందులోంచి జారిపోతాడు. అందుకే ఇప్పుడు ఒళ్ళంతా పట్టే బెల్టే వాడమంటారు. ఇంకో మాట కూడా చెప్తారు: పైకి వెళ్ళాక కట్టుకుంటే సరిపోదు, కాలు నేల వదిలినప్పటి నుంచి మళ్ళీ నేల తాకేదాకా కట్టుకునే ఉండాలి. ఎక్కుతూ దిగుతూ పడేవాళ్ళు చాలామంది.

వేలాడటం కూడా ప్రమాదమేనని అక్కడే చదివాను. బెల్టులో కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, ప్రాణం పోవచ్చు. అందుకని పాదం పెట్టి నిలబడటానికి ఒక పట్టీ కూడా ఉండాలి. తాటివనంలో మామయ్య ఒక్కడే ఉంటాడు. పిలిస్తే ఎవరు పలకాలి?

ఇక తెలంగాణ సంగతి. 2024 జులైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. వాటికి గౌడ్ల దేవుడు కాటమయ్య పేరు పెట్టారు. పడి చచ్చిపోయాక ఇంటివాళ్ళకిచ్చే పరిహారం కన్నా పడకముందు ఇచ్చే తాడు మేలు. అది చాలా మంచి పని, ఇంకా ముందే జరగాల్సింది. కానీ ఏ కిట్ గురించైనా ఒక మాట తరచుగా వినిపిస్తుంది: “ఇచ్చినా వాడరండీ, బద్ధకం.” నేనూ మొదట మామయ్య గురించి అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనలేను. ఆయన నా బెల్టును పక్కన పెట్టింది బద్ధకంతో కాదు. దాన్ని చెట్టుకు కట్టే దారే లేదు.

అలాగని మామయ్య చెప్పేదంతా నేను ఒప్పుకోను. “ముప్పై ఐదేండ్ల సంది ఎక్కుతున్న, నాకేమైతది?” అంటాడు. పెద్దమామయ్య కూడా పడిన రోజుకు ఇరవై ఏళ్ళకు పైగా ఎక్కినవాడే. అనుభవం ఉంటే తక్కువసార్లు జారతాం. జారిన ఆ ఒక్కసారి పట్టుకోవడానికి మాత్రం తాడు కావాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. బెల్టు ధర చూసి ఎంచుకోకూడదు, ఎక్కే పద్ధతి చూసి ఎంచుకోవాలి. మా మామయ్య లాంటివాళ్ళకు కొక్కేలు ముందూ పక్కలా ఉండాలి. చీటీ మీద ఈఎన్ 361 అని ఉంటే అది పడితే ఆపే బెల్టు, ఈఎన్ 358 అని ఉంటే చెట్టు మీద నిలబెట్టే బెల్టు. రెండూ ఉన్నది కావాలి. బరువు పడగానే చెట్టు చుట్టూ బిగిసే తాడు కావాలి. మట్టల దగ్గర ఒకటి విప్పేటప్పుడు రెండోది పట్టుకుని ఉండాలి కాబట్టి రెండు తాళ్ళు కావాలి. కనీసం ఒకదానిలో ఉక్కు తీగ ఉండాలి. ఒక్క చేత్తో సర్దుకోగలగాలి. ఇవన్నీ ఉన్నా, మొదట మనిషి ఎత్తులోనే కట్టుకుని, వాలి, వేలాడి చూడాలి. నచ్చిందో లేదో చెప్పాల్సింది ఎక్కేవాడు, కొనేవాడు కాదు.

ఈ జాబితాను మామయ్యకు నేనే తెలుగులో చదివి వినిపించాను. ‘బిగుసుకుంటుంది’ అనే మాట దగ్గర మూడుసార్లు తడబడ్డాను. ఆయన ఓపిగ్గా విని, రెండు దిద్దాడు. పాదం పట్టీ కొంచెం వెడల్పుగా ఉండాలన్నాడు, మడమ నొస్తుందట. తాళ్ళ రంగు వేరువేరుగా ఉండాలన్నాడు, ఏది విప్పుతున్నాడో చీకట్లో తెలియాలట. ఈ రెండూ నేను చదివినవాటిలో ఎక్కడా లేవు.

కొత్త బెల్టు ఇంకా కొనలేదు. వచ్చే నెల నేనే ఊరికి వెళ్తున్నాను. హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి దుకాణానికి పోతాం, ఆయన కట్టుకుని చూస్తాడు. పాత బెల్టు ఏం చేశావు మామా అని అడిగితే, “బర్రె దూడకు కట్టిన, మంచిగ ఆగింది” అన్నాడు. కొక్కెం వీపు మీద ఉండటం దానికి సరిపోయింది.

మీ ఇళ్ళలో ఎత్తు మీద పని చేసేవాళ్ళుంటే, వాళ్ళు వాడే సామాను పేర్లు అడిగి రాసుకోండి. ఏదైనా కొని పంపే ముందు అడగండి. నేను పంపాక అడిగాను.