వచ్చిన డాక్టరు ఎందుకు వెళ్లిపోతున్నారు?



"స్పెషలిస్టు లేరు, వరంగల్ తీసుకెళ్లండి" అనే మాట జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాసులకు కొత్తేమీ కాదు. కాన్పు కష్టమైన తల్లికి 50 కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణం ప్రాణసంకటమే. "డాక్టర్లకు డబ్బే ముఖ్యం, ఇక్కడ ఉండరు" అని మనం తేలికగా అనేస్తాం. జీతం ఒక్కటే కారణమని నేననుకోను.

ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఆపైన పి.జి. 3 ఏళ్లు. అంత చదివి వచ్చిన డాక్టరమ్మ, మత్తు డాక్టరు లేక ఆపరేషన్ చేయలేకపోతే, ప్రతి రాత్రీ ఒక్కరే డ్యూటీ చేయవలసి వస్తే, ఎన్నాళ్లుంటారు?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. సంతోషమే. అయితే పోస్టులు డాక్టర్లను రప్పిస్తాయి గాని, వారిని నిలబెట్టేది పైఅధికారి తీరు.

కొందరు అధికారులు అన్నిటికీ ఆజ్ఞాపిస్తారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగనప్పుడు ఒకరి మాటే చెల్లాలి, నిజమే. కాని రోజంతా అదే తీరైతే, పొరపాటు కళ్లెదుట జరుగుతున్నా సిస్టర్లు నోరు విప్పరు. నష్టపోయేది రోగి. మరికొందరు ఏదీ పట్టించుకోరు. అప్పుడు బరువంతా పనిచేసేవారి మీదే పడుతుంది. ఆపద వేళ ఆజ్ఞాపించి, మిగతా వేళల్లో ఆలకించే అధికారి కావాలి. అందరినీ అడిగి డ్యూటీలు వేయాలి, పై శిక్షణకు సెలవివ్వాలి, నలుగురిలో మెచ్చుకోవాలి, తప్పును విడిగా పిలిచి చెప్పాలి.

నర్సులకూ ఎదిగే దారి ఉండాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. సాధారణ కాన్పులను స్వయంగా నడిపించే నేర్పు అది. అలాంటి శిక్షణ పొందిన సిస్టరును తిరిగి రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెడితే ఆ చదువు, ఆ ఉత్సాహం రెండూ వృథా.

మన వంతు కూడా ఉంది. కోపం వస్తే డ్యూటీలో ఉన్న సిస్టరుపై అరవకుండా, ఫిర్యాదు రాసి సూపరింటెండెంటుకు ఇద్దాం. బాగా చూసినవారి పేరు కూడా రాసి ఇద్దాం. "డాక్టరు ఎప్పుడొస్తారు?" అని అడిగే మనం, "వచ్చిన డాక్టరు ఎందుకు వెళ్లిపోయారు?" అని కూడా ఆసుపత్రి పెద్దలను మర్యాదగా అడుగుదాం.