గోడలో దొరికిన బంగారం ఎవరిది?

పాత ఇల్లు కొన్నాం. గోడ పగలగొడితే బంగారం బయటపడింది. ఎవరిది? మన దేశంలో ఎవర్నడిగినా ఠక్కున వచ్చే జవాబు ఒకటే. "దొరికినవాడిదే! లక్ష్మీదేవి ఇంటికి నడిచొస్తే పొమ్మంటామా?" ఆస్తికులే కాదు, మన హేతువాద మిత్రుల్లోనూ కొందరు ఇదే మాట అంటారు. లక్ష్మి పేరు తీసేసి అదృష్టం అంటారు, అంతే తేడా. ఇద్దరి లెక్కా తప్పేనని నా వాదన.

నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరి పద్దుకు చెందుతుందో తెలియని సొమ్ము వచ్చిపడితే మేం దాన్ని ఆదాయంగా రాయం. సస్పెన్స్ పద్దులో పెడతాం. అసలు హక్కుదారు తేలేదాకా అది మన మీద బాకీయే. "ఎవరిదో తెలియదు" అనే మాటకూ "నాది" అనే మాటకూ మధ్య బోలెడంత దూరం ఉంది. మనవాళ్ళు ఆ దూరాన్ని ఒక్క కొబ్బరికాయ కొట్టి దాటేస్తున్నారు.

తెలిసినవారింట్లో జరిగిన ముచ్చట చెబుతాను. ఆయన ఒక పాత డాబా ఇల్లు కొన్నాడు. వంటింట్లో గూడు పగలగొడుతుంటే మేస్త్రీకి ఇత్తడి చెంబు దొరికింది. అందులో నాలుగు జతల గాజులు, ఒక కాసులపేరు. ఆ రోజు శుక్రవారం. ఇంకేం కావాలి! సిద్ధాంతి గారొచ్చి, దోషం ఉంది, శాంతి చేయించి పదో వంతు దేవుడికిస్తే మిగతాది నిశ్చింతగా అనుభవించవచ్చన్నారు. మేస్త్రీ చేతిలో ఐదు వేలు పెట్టి నోరు మూయించారు. అన్నీ అయ్యాక ఆయన నా దగ్గరకొచ్చాడు, ఇన్‌కంటాక్సు వాళ్ళడిగితే ఏం చూపించాలని.

"ఇల్లమ్మిన ఆవిడకు చెప్పారా?" అన్నాను. ఆవిడ భర్త పోయిన పెద్దావిడ. ఆసుపత్రి అప్పులు తీర్చడానికి ఇల్లమ్ముకుంది.

"ఆవిడకు తెలిస్తే ముందే తీసుకునేది కదండీ. తెలియలేదంటే ఆవిడది కాదనే కదా!" అన్నాడు.

ఏం తర్కం! మీ నాన్నగారి పేర బ్యాంకులో డిపాజిట్ ఉందని మీకు తెలియకపోతే అది బ్యాంకు మేనేజరుదై పోతుందా? పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లను 2014 నుంచి బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పంపిస్తున్నాయి. అయినా వారసులు ఎప్పుడొచ్చి అడిగినా చెల్లించాల్సిందే. వాళ్ళు వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టారు. బ్యాంకుకున్న ఈపాటి నీతి పూజగది ఉన్న ఇంట్లో ఉండొద్దా? ఆ మాటే అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. పోనివ్వండి.

ఇక చట్టం సంగతి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో గానీ, భూమికి అంటిపెట్టుకున్న కట్టడంలో గానీ దాచిన విలువైన వస్తువు ఏదైనా నిధే. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాన్ని ఖజానాలో జమ చెయ్యాలి, లేదా హామీ ఇవ్వాలి. ప్రకటన ఇచ్చి హక్కుదారులను పిలుస్తారు. వందేళ్ళ లోపు దాచినదిగా కనిపించి, ఎవరైనా మాదని వస్తే సివిల్ కోర్టుకు వెళ్ళే వ్యవధి ఇస్తారు. చెప్పకుండా దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. బీరువాలోనో అటక మీదో మరిచిపోయిన వస్తువులకు ఈ చట్టం వర్తించకపోయినా, సొంతదారు కోసం తగినంత ప్రయత్నం చెయ్యకుండా సొంతం చేసుకుంటే అది నేరమే. పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షన్, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 314.

ఇంకో తమాషా చూడండి. నిధికి సొంతదారు ఎవరూ తేలనప్పుడు, దొరికించుకున్నవాడు ఒకరు, స్థలం యజమాని ఇంకొకరు అయి, వాళ్ళ మధ్య ఒప్పందం లేకపోతే, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడు వంతులు, యజమానికి ఒక వంతు అంది చట్టం. అందులో మేస్త్రీ అనీ షావుకారు అనీ తేడా రాయలేదు. ఐదు వేలిచ్చి పంపేసిన ఆ మేస్త్రీ చట్టం మాటల్లో ఎవరో మీరే ఆలోచించండి.

"మా దస్తావేజులో నిధి నిక్షేపాలతో సహా అని రాసుంది" అంటారు కొందరు. నిజమే. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాల జాబితా పూర్వం రాజుల దానశాసనాల నుంచి దస్తావేజు రాసేవాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళు తరతరాలుగా దించేస్తున్నారు. కానీ అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి ఎలా వస్తుంది? దస్తావేజులో వాక్యం చట్టాన్ని ఎలా రద్దు చేస్తుంది? పైగా ధర్మశాస్త్రాల్లో నిక్షేపం అంటేనే ఒకరు నమ్మి మరొకరి దగ్గర దాచిన సొమ్ము. అది పరాయిదని ఆ మాటే చెబుతోంది!

అసలు గోడల్లో బంగారం ఎవరు దాచారు? ఎక్కువగా ఆడవాళ్ళు. బ్యాంకు ఖాతా లేని రోజుల్లో మొగుడి అప్పులకూ తాగుడుకూ అందకుండా వంటింట్లో దాచుకున్నారు. 1947లో పంజాబులో, సింధులో అటూ ఇటూ పారిపోయినవాళ్ళు నగలను నేలలో పాతి, తాళంచెవి నడుముకు కట్టుకుని, నెలలో తిరిగొస్తామనుకున్నారు. అది లక్ష్మీకటాక్షం కాదు, ఒకరి భయం, ఒకరి కష్టం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్త్రీ ఆస్తి ఆమె సొంతం. ఆమె వీలునామా రాయకుండా పోతే భర్తతో పాటు కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా వెళ్తుంది. కాబట్టి ఇల్లమ్మిన కొడుకు చేతిలో పెట్టినా సరిపోదు. ఎక్కడో అద్దె ఇంట్లో ఉన్న కూతురి వాటా అందులో ఉండొచ్చు.

ప్రవచనాల్లో ఒక కథ చెబుతుంటారు. కొన్న పొలంలో బిందె దొరికితే, కొన్నవాడు నీదే అని, అమ్మినవాడు నీదే అని ధర్మరాజు దగ్గరికి వెళ్ళారట. తీర్పు రేపటికి వాయిదా పడిందట. ఈలోగా కలి ప్రవేశించి, ఇద్దరూ నాదంటే నాదని కొట్టుకున్నారట. విన్నవాళ్ళు తల ఊపి ఇంటికొచ్చి బంగారం దాచుకుంటారు. ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు, యుగానిది! దొంగతనానికి ఇంతకంటే మంచి సాకు ఎవరైనా కనిపెట్టారా?

మన మిత్రులకూ ఒక మాట. 2013లో ఒక సాధువు కలను పట్టుకుని ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో పురావస్తు శాఖ తవ్వితే మనమంతా నవ్వాం. బంగారం దొరకలేదు కూడా. దొరకనప్పుడు నవ్వడం సులువే. దొరికినప్పుడే మన సంగతి తేలేది. దేవుడు లేకపోతే నీతి ఎక్కడిదని మనల్ని అడుగుతారు కదా? ఎవరూ చూడని గదిలో, పైనుంచి కూడా ఎవరూ చూడటం లేదని తెలిసి, పరాయి సొమ్ము తిరిగివ్వడమే దానికి జవాబు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఇద్దరు సాక్షుల ఎదుట తూకం వేసి, ఫొటోలు తీసి, జాబితా రాయండి. అమ్మినవారికి రిజిస్టర్డ్ ఉత్తరం రాయండి. వస్తువులు ఏవో మీరు చెప్పకండి, గుర్తులు వాళ్ళనే చెప్పమనండి. మిగతా వారసులెవరో అడగండి. గోడలోనో నేలలోనో దొరికితే కలెక్టరుకు నోటీసివ్వండి. ఎవరూ రాకపోతే చట్టం మీకెంతిస్తే అంత తీసుకోండి, దాన్ని లెక్కలో చూపండి. అప్పుడది మీదే.

హుండీలో పదో వంతు వేసినంత మాత్రాన మిగతా తొమ్మిది వంతులు మీవైపోవు. లెక్కల్లో దాన్ని కమీషన్ అంటారు.